వ్రాసి దాచినవారు, వ్రాయలేకపోయినవారు



ఈ మాసపు పాఠమునకు ముందు విలాపవాక్యములు గ్రంథమును ఒకసారి ఇంటియొద్ద చదివి రండి. అందులో మొదటి నాలుగు అధ్యాయములు హెబ్రీ అక్షరమాల వరుసలో కూర్చబడినవి. యెరూషలేము పాడైపోయిన దుఃఖమును సైతము మరచిపోకుండ ఉండుటకు అక్షరముల వరుసలో పెట్టుకొన్న ప్రజలు యూదులు. తరువాతి కాలములో ఘోరమైన ఆపద వచ్చినప్పుడు వారు మరల అదే పని చేశారు.

హిట్లరు పాలనలో, ముఖ్యముగా 1941 నుండి 1945 వరకు, సుమారు 60 లక్షలమంది యూదులు చంపబడిరి. దీనిని హోలోకాస్ట్ అంటారు. హెబ్రీ భాషలో షోవా. పోలెండు దేశములో వార్సా నగరపు యూదులను గోడకట్టి బంధించినప్పుడు, ఆ గోడ లోపల ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు కొందరిని కూర్చుకొని రహస్యముగా ఒక పని మొదలుపెట్టెను. రేషన్ చీటీలు, పిల్లల బడి వ్యాసములు, గోడ ప్రకటనలు, ఆకలి లెక్కలు, ఏది దొరికితే అది దాచిరి. 1942 ఆగస్టులో కొంత భాగమును రేకు పెట్టెలలోను, 1943లో మరికొంత పాల క్యానులలోను పెట్టి భూమిలో పాతిపెట్టిరి. రింగెల్‌బ్లూమ్ 1944లో చంపబడెను. ఆ గుంపులో బ్రతికి బయటపడినవారు బహు కొద్దిమంది. వారు చెప్పిన గురుతులను బట్టి 1946లో పెట్టెలు దొరికినవి. 1950లో క్యానులు కూడ దొరికినవి. చావు తప్పదని తెలిసి కూడ, చదువబోయేవాడు ఎవడో ఒకడు ఉంటాడని నమ్మి వ్రాసిరి గదా!

బ్రతికి వచ్చినవారికి వేరొక కష్టము. వినేవారు లేరు. ఇటలీ దేశస్థుడు, రసాయన శాస్త్రజ్ఞుడు ప్రీమో లేవీని 1944లో 650 మందితో కలిపి రైలులో ఆష్విట్జ్ శిబిరమునకు పంపిరి. తిరిగి వచ్చినవారు బహు కొద్దిమందే. ఆయన వ్రాసిన పుస్తకమును పేరుగల ప్రచురణకర్తలు త్రిప్పిపంపగా 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు వేసినది. అవియు పూర్తిగా అమ్ముడు కాలేదు. లోకము దానిని చదువుటకు 1958 వరకు ఆగవలసి వచ్చినది. ఈలీ వీజెల్ తన సాక్ష్యమును మొదట తన యిడ్డిష్ భాషలో 1956లో ప్రచురించెను.

యెరూషలేములోని స్మారక సంస్థ యాద్ వషేమ్ 1953లో ఏర్పడినది. దాని పేరు యెషయా 56:5లోనిది. స్మారకము, పేరు అని అర్థము. చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా పోగుచేయుట వారి పనులలో ఒకటి. ఇంతవరకు సుమారు 50 లక్షల పేర్లు చేర్చిరి.

ఇక మన ప్రక్కనున్న పళవేర్కాడును చూడుడి. మనవారిలో చాలామంది అక్కడికి చేపలకు, రొయ్యలకు వెళ్లినవారే గాని, డచ్చివారి సమాధుల తోటలోనికి పోయినవారు తక్కువ. గుమ్మమునకు ఇరుప్రక్కల అస్థిపంజరములు చెక్కియుండును. లోపల వర్తకుల పేర్లు, తేదీలు రాతిమీద నేటికిని చదువవచ్చును. 1613లో కట్టిన వారి గెల్డ్రియా కోట మాత్రము శిథిలమైనది.

ఆ వర్తకులు బట్టలతో పాటు మనుష్యులను కూడ ఓడలకెక్కించిరి. కరవు వచ్చినా, యుద్ధము వచ్చినా తిండిలేనివారు చవుకగా దొరికేవారు. 1659–61లో తంజావూరు సీమ యుద్ధముతో పాడైనప్పుడు నాగపట్నం, పళవేర్కాడు మొదలగు రేవులలో ఎనిమిది వేలనుండి పదివేలమందిని కొనిరి. ఎక్కువమందిని సింహళమునకు, కొందరిని బటావియాకు, మలక్కాకు పంపిరి. దీనిని హోలోకాస్ట్‌తో సమానమనుట నా ఉద్దేశము కాదు. అక్కడ ఒక జాతిని తుడిచివేయుట లక్ష్యము. ఇక్కడ మనిషి సరుకు. అయితే సరుకైనవారిలో రింగెల్‌బ్లూమ్ వంటివాడు లేడు. పాల క్యాను లేదు. వారిని గూర్చి మిగిలినదంతా కొన్నవారి లెక్కల పుస్తకములే.

ఒక స్త్రీ మాత్రము ఆ కాగితములలో కనబడుచున్నది. డచ్చివారు ఆమెను కాత్రెయిన్ అనిరి. ఇంటిపేరు స్థానమున 'పలియకట్టా' అని వ్రాసిరి. అది పళవేర్కాడే. తల్లిదండ్రులు పెట్టిన పేరు అందులో లేదు. బటావియాలో తనను కొట్టుచున్నవానినుండి తప్పించుకొనబోయి వాని మరణమునకు కారణమైనందున 1656లో మరణశిక్ష విధించి, పిమ్మట దానిని యావజ్జీవ ప్రవాసముగా మార్చిరి. 1657లో దక్షిణాఫ్రికా కేప్‌కు చేర్చిరి. అక్కడ బట్టలుతికెను. తరువాత క్షమాపణ పొందెను. ఆమె కుమారుడు క్రిస్టోఫెల్ స్నైమన్, హ్యూగెనాట్ కుటుంబపు కన్యను వివాహమాడెను. నేటి స్నైమన్ వంశమువారు అనేకులు ఆ సంతతివారే. వారిలో కొందరు పాత కోర్టు కాగితములు వెదకి ఈ అవ్వను కనుగొనిరి. నేరము మోపబడకపోతే ఆమె సంగతి ఇంతగా వ్రాయబడియుండేది కాదు!

పాఠము తరువాత చేయవలసిన పని: ప్రతి కుటుంబము ఒక నోటుబుక్కు తెచ్చుకొని, మొదట ఈ ప్రాంతమునకు వచ్చినవారి పేరు, విడిచిన ఊరు, వచ్చిన కారణము, త్రోవలో పోయినవారి పేర్లు తెలుగులో వ్రాయవలెను. కరవా, అప్పా, కులబాధా, ఉన్నది ఉన్నట్టు వ్రాయండి. గొప్పలు వద్దు. డెబ్బది దాటిన అమ్మమ్మలను, తాతలను ముందుగా అడగండి. వారు చెప్పుచుండగా పిల్లలచేత వ్రాయించుట మంచిది. తమిళ బడిలో చదివే పిల్లలకు తెలుగు వ్రాయుట రాకపోతే తమిళ లిపిలోనైనా వ్రాయనివ్వండి. తరువాత మనము మార్చుకొందము.