నలుగురితో నారాయణా: మన వాడకం వెనక ఉన్న సైకాలజీ

"పర్యావరణానికి మేలు చేసే వస్తువులే కొంటారా?" అని ఎవరైనా మైక్ పెట్టి అడిగితే మనలో చాలామంది "తప్పకుండా" అంటాం. షాపుకి వెళ్ళాక సంగతి వేరు. 2019లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో కేథరిన్ వైట్, ఇంకో ఇద్దరు కలిసి రాసిన వ్యాసంలో ఒక సర్వే లెక్క ఉంది. అలాంటి బ్రాండ్లు కొనాలని ఉంది అన్నవాళ్ళు 65%. నిజంగా కొంటున్నవాళ్ళు 26% దాకా. మాటకీ చేతకీ మధ్య అంత దూరం!

ఈ దూరం ఎందుకు వస్తుంది, ఎలా తగ్గించాలి అన్నదాని మీద పెద్ద పరిశోధన రంగమే ఉంది. పేరు సస్టెయినబుల్ కన్స్యూమర్ బిహేవియర్. తెలుగులో "సుస్థిర వినియోగ ప్రవర్తన" అనొచ్చు కానీ, ఆ మాట వింటే పేజీ తిప్పేస్తారని భయం. అందుకని ఇక్కడ "వాడకం" అనే అంటాను. కరెంటు, నీళ్ళు, అన్నం, బట్టలు, సంచులు అన్నీ ఇందులోకే వస్తాయి.

నేను కంప్యూటర్ సైన్స్ స్టూడెంట్‌ని, సైకాలజీ నా సబ్జెక్టు కాదు. కానీ ఈ సెమిస్టర్‌లో చదివిన కొన్ని పేపర్లు మన హాస్టల్ గోడల మీది పోస్టర్లకి సరిగ్గా సరిపోతాయనిపించింది. అందుకే ఈ వ్యాసం.

హోటల్ టవల్ ప్రయోగం

హోటల్ బాత్రూముల్లో ఒక చిన్న కార్డు ఉంటుంది: "పర్యావరణాన్ని కాపాడండి, టవల్ మళ్ళీ వాడండి" అని. ఆ కార్డు మీద మాట మారిస్తే ఏమవుతుంది? నోవా గోల్డ్‌స్టీన్, రాబర్ట్ చాల్డీని, వ్లాదాస్ గ్రిస్కెవిషియస్ అమెరికాలోని ఒక హోటల్లో దీన్ని పరీక్షించి 2008లో ప్రచురించారు. కొన్ని గదుల్లో మామూలు కార్డు పెట్టారు. మిగతా గదుల్లో "ఇక్కడ దిగినవాళ్ళలో ఎక్కువమంది టవల్ మళ్ళీ వాడుతున్నారు, మీరూ వాళ్ళతో కలవండి" అనే అర్థం వచ్చే కార్డు పెట్టారు.

మామూలు కార్డుకి 35.1% మంది టవల్ మళ్ళీ వాడారు. రెండో కార్డుకి 44.1% మంది. తర్వాత ఇంకో ప్రయోగంలో "ఇదే గదిలో దిగినవాళ్ళు" అని రాస్తే 49.3% దాకా వెళ్ళింది. ఆ గదిలో ముందు ఎవరు దిగారో మనకి తెలీదు, వాళ్ళతో మనకి ఏ సంబంధమూ లేదు. అయినా వాళ్ళు చేసిన పనే మనమూ చేస్తాం. నలుగురితో నారాయణా అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

అదే మందు తిరగబడితే

మనకి ఎక్కువ పనికొచ్చేది ఈ భాగం. ఆరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే నేషనల్ పార్క్ ఉంది. కోట్ల ఏళ్ళ కింద రాయిగా మారిన చెట్ల ముక్కలు అక్కడ నేల మీదే పడి ఉంటాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు జేబులో వేసుకుని పోతుంటారు. చాల్డీని బృందం గుర్తులు పెట్టిన ముక్కలు దారుల పక్కన ఉంచి, రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది.

"దయచేసి తీసుకెళ్ళొద్దు" అన్న బోర్డు ఉన్నప్పుడు 1.67% ముక్కలు మాయమయ్యాయి. "ఇంతకుముందు వచ్చినవాళ్ళు చాలామంది తీసుకెళ్ళిపోయారు, అందువల్ల పార్క్ పాడవుతోంది" అన్న బోర్డు ఉన్నప్పుడు 7.92% మాయమయ్యాయి. బాధతో రాసిన బోర్డే దొంగతనానికి దారి చూపించింది. చదివినవాడి బుర్రలోకి "పాడవుతోంది" అన్నది ఎక్కలేదు, "చాలామంది తీసుకెళ్ళారు" అన్నదే ఎక్కింది.

ఇప్పుడు మన మెస్ గోడ చూడండి. "రోజూ ఇంత అన్నం పారేస్తున్నాం, సిగ్గుపడదాం" టైపు పోస్టర్లు. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ మొదటిసారి మెస్‌కి వచ్చిన ఫస్టియర్ కుర్రాడు దాన్ని ఎలా చదువుతాడు? "ఓహో, ఇక్కడ అందరూ పారేస్తారన్నమాట" అని.

నవ్వు బొమ్మ విలువ

కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో 290 ఇళ్ళ మీద చేసిన ప్రయోగం 2007లో వచ్చింది. ప్రతి ఇంటి తలుపుకీ ఒక కాగితం తగిలించారు: మీరు వాడిన కరెంటు ఇంత, మీ చుట్టుపక్కల ఇళ్ళ సగటు ఇంత. సగటు కంటే ఎక్కువ వాడేవాళ్ళు తగ్గించారు, బాగుంది. కానీ తక్కువ వాడేవాళ్ళు పెంచేశారు! "మనమే అనవసరంగా పొదుపు చేస్తున్నామా" అనుకున్నట్టు.

విరుగుడు చాలా చిన్నది. తక్కువ వాడేవాళ్ళ కాగితం మీద ఒక నవ్వు బొమ్మ గీశారు. అంతే, వాళ్ళు పెంచకుండా తక్కువలోనే ఉన్నారు. నలుగురూ చేసేది ఒకటి, నలుగురూ మెచ్చేది ఒకటి. రెండూ కలిపి చెప్పాలి. తర్వాత ఓపవర్ అనే కంపెనీ ఇదే పద్ధతిలో అమెరికాలో ఇంటింటికీ రిపోర్టులు పంపింది. సుమారు 6 లక్షల ఇళ్ళ డేటాని హంట్ ఆల్కాట్ 2011లో విశ్లేషిస్తే, సగటున 2% కరెంటు తగ్గిందని తేలింది. చిన్న అంకెలా ఉంటుంది కానీ ఖర్చు ఒక కాగితం మాత్రమే.

ఇంకో విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. కాలిఫోర్నియాలో 800 మందికి పైగా జనాన్ని "మీరు కరెంటు ఎందుకు ఆదా చేస్తున్నారు?" అని అడిగితే పర్యావరణం కోసం, సమాజం కోసం, డబ్బు కోసం అన్నారు. పక్కింటివాళ్ళని చూసి అన్నది చిట్టచివరి కారణం. లెక్కలు చూస్తే మాత్రం వాళ్ళ పొదుపుతో గట్టిగా ముడిపడి ఉన్నది ఆ చివరి కారణమే. అంటే మనల్ని కదిలించేది ఏమిటో మనకే తెలీదు. అందుకే ఈ రంగంలో గూగుల్ ఫారం పంపించి సర్వే చేస్తే సరిపోదు. మీటర్ చూడాలి, ప్లేటు తూయాలి.

పీహెచ్‌డీ ఎందుకు, జీతం ఎందుకు

2014లో గెర్డ్ బోనర్, లేనా ష్లూటర్ జర్మనీలో టవల్ ప్రయోగం మళ్ళీ చేస్తే, "నలుగురి" కార్డు మామూలు కార్డుని దాటలేదు. అక్కడ ముందే చాలామంది టవల్ మళ్ళీ వాడుతున్నారు. మన దేశంలో అనంత్ సుదర్శన్ ఢిల్లీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పరీక్షించి 2017లో ప్రచురించారు. ఇరుగుపొరుగు పోలిక ఉన్న రిపోర్టులతో వేసవి కరెంటు 7% తగ్గింది. అదే రిపోర్టుకి డబ్బు ప్రోత్సాహం కలిపితే ఆ ఫలితం పోయింది!

అంటే ఒక ఊళ్ళో పనిచేసింది ఇంకో ఊళ్ళో పనిచేస్తుందని గ్యారంటీ లేదు. ఎక్కడికక్కడ కొలవాలి, సీజన్లు మారేదాకా ఆగాలి. ఖాళీ సమయంలో చేసే పని కాదిది. ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీ అంటే ఆ కొన్నేళ్ళ ఓపికకి ఎవరో జీతం ఇవ్వడం.

మన దగ్గర యూజీసీ జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా 42,000 రూపాయలు (2023 జనవరి నుంచి ఈ రేట్లు), హెచ్ఆర్ఏ అదనం. నాలుగేళ్ళ డిగ్రీలో 75% ఉంటే నెట్ రాయొచ్చు, రిజర్వేషన్ వర్గాలకి సడలింపు ఉంది. అలా రాసేవాళ్ళు డిగ్రీ సబ్జెక్టుతో పని లేకుండా పీహెచ్‌డీ చేయాలనుకున్న సబ్జెక్టులో రాయొచ్చని యూజీసీ 2024లో చెప్పింది. అంటే బీటెక్ చదివి సైకాలజీ నెట్ రాయొచ్చు. ఐఐఎంల డాక్టోరల్ ప్రోగ్రాముల్లో మార్కెటింగ్ వైపు నుంచి కూడా ఈ రంగంలోకి దారి ఉంది, స్టైపెండ్ ఇస్తారు. అప్లై చేసేముందు ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి.

మన మెస్‌లో మొదలుపెడదామా?

పీహెచ్‌డీ దాకా ఆగక్కర్లేదు. ఏ/బీ టెస్టింగ్ మనకి తెలిసిందే కదా, బటన్ రంగు బదులు పోస్టర్ మారుస్తాం, అంతే.

1. ముందు రెండు వారాలు ఏ పోస్టరూ లేకుండా, ప్లేట్లలో మిగిలిన అన్నం రోజూ తూయాలి. ఎంతమంది తిన్నారో కూడా రాసుకోవాలి. మొత్తం కిలోలు కాదు, మనిషికి ఎన్ని గ్రాములన్నదే లెక్క.

2. ఆదివారం చికెన్‌నీ మంగళవారం ఉప్మానీ పోల్చకూడదు. ఆదివారాన్ని ఆదివారంతోనే పోల్చాలి.

3. ఏ వారం ఏ పోస్టర్ అన్నది నాణెం ఎగరేసి తేల్చాలి. మనకి నచ్చినట్టు పెడితే ఫలితం కూడా మనకి నచ్చినట్టే కనిపిస్తుంది.

4. అబద్ధం రాయకూడదు. 100లో 70 ప్లేట్లు ఖాళీగా వస్తుంటే ఆ మాటే రాద్దాం. 30 మాత్రమే వస్తుంటే, అవి నిజంగా పెరుగుతున్నప్పుడు "పెరుగుతున్నాయి" అని రాద్దాం. గ్రెగ్ స్పార్క్‌మన్, గ్రెగరీ వాల్టన్ 2017లో చూపించింది ఇదే. ఒక కెఫేలో "30% మంది మాంసం తగ్గించే ప్రయత్నంలో ఉన్నారు" అంటే మాంసం లేని లంచ్ తీసుకున్నవాళ్ళు 17%. "ఈ మధ్య 30% మంది తగ్గించడం మొదలుపెట్టారు" అంటే 34%.

5. ఫలితం రాకపోయినా అలాగే ప్రచురించాలి. జర్మనీవాళ్ళు చేసిన మేలు అదే.

నా సంగతి చెప్పాలంటే, ప్లేస్‌మెంట్‌కి కూర్చోవాలా, ఈ దారి చూడాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. "అందరూ ప్లేస్‌మెంట్ అంటున్నారు కాబట్టి నేనూ అంటున్నానా?" అని అడిగితే నా మనసు వెంటనే "కాదు" అంటుంది. పై పేపర్లు చదివాక ఆ జవాబుని నేను అంత తేలిగ్గా నమ్మలేకపోతున్నాను. మీరూ ఒకసారి అడిగి చూసుకోండి.

ఈలోగా ఒక త్రాసు, ఒక ఎక్సెల్ షీటు, పొద్దున్నా రాత్రీ మెస్‌లో అరగంట నిలబడే నలుగురు మనుషులు కావాలి. వచ్చే క్లబ్ మీటింగ్‌లో పేర్లు ఇవ్వండి. ముగ్గురు ముందుకొస్తే నాలుగోవాళ్ళు వాళ్ళే వస్తారు, సైన్స్ చెప్పేది అదే కదా!