కరెంటు పోయిన విమానం

మన హాస్టల్లో కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చుంటాం. ఆకాశంలో వెళ్ళే విమానానికే కరెంటు పోతే?

2010 సెప్టెంబరు 7న రష్యాలో ఇదే జరిగింది. ఉదాచ్నీ నుంచి మాస్కో వెళ్తున్న టుపొలేవ్-154 విమానంలో 72 మంది ప్రయాణికులు, 9 మంది సిబ్బంది ఉన్నారు. దారిలో బ్యాటరీ విపరీతంగా వేడెక్కి కరెంటు మొత్తం పోయింది. రేడియో మూగబోయింది. దారి చూపే పరికరాలు ఆగిపోయాయి. ఇంజన్లు మాత్రం తిరుగుతున్నాయి. అయితే రెక్కల్లోని ఇంధనాన్ని మధ్య ట్యాంకులోకి తోడేది కరెంటు పంపులే కదా! మధ్య ట్యాంకులో ఉన్నది అరగంటకే సరిపోతుంది. బావినిండా నీళ్ళున్నా మోటారు ఆడకపోతే మనం బిందెలు పట్టుకుని నిలబడతామే, అలాగన్నమాట.

పైలట్లు నొవొసెలొవ్, లమనొవ్ మబ్బుల కిందికి దిగి వెతికారు. ఎటు చూసినా అడవే. చివరికి ఇజ్మా అనే ఊరి దగ్గర ఒక రన్‌వే కనిపించింది. అది కోమి జాతివాళ్ళ ప్రాంతం. రెయిన్‌డీర్లను మేపుకోవడం వాళ్ళ పాత వృత్తి.

కాని రన్‌వే పొడవు 1,325 మీటర్లే. ఈ విమానానికి 2 వేలకు పైనే కావాలి. పైగా ఫ్లాప్స్ కదల్లేదు. ఫ్లాప్స్ అంటే రెక్క వెనక అంచున ఉండే పలకలు. వాటిని కిందికి దించితే తక్కువ వేగంలో కూడా రెక్క విమానాన్ని మోస్తుంది. అవి లేకపోయేసరికి గంటకు 270 కిలోమీటర్ల దగ్గర దిగాల్సింది 350 దాటి దిగాల్సి వచ్చింది. మన ఫిజిక్సులో ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుందని చదివాం. వేగం 1.3 రెట్లయితే దూరం దాదాపు 1.7 రెట్లు. లెక్క కట్టి చూడండి, భయమేస్తుంది.

ఇంకో సంగతి. 2003లోనే అక్కడికి విమానాలు రావడం ఆగిపోయింది, హెలికాప్టర్లే వచ్చేవి. ఐనా అక్కడ పనిచేసే సెర్గేయ్ సొత్నికొవ్, ఎవరూ చెప్పకపోయినా, ఏటేటా రన్‌వే మీద పొదలు కొట్టేసేవాడు. బళ్ళు, కట్టెలు పెట్టనిచ్చేవాడు కాదు. (ఆదివారం గ్రౌండులో గడ్డి పీకమంటే మనం ఎంత సణుగుతామో వార్డెన్ గారికి తెలుసు!)

రెండుసార్లు కిందికి వచ్చి చూసి, మూడోసారి దించారు. రన్‌వే దాటి 160 మీటర్ల దాకా చెట్లలోకి దూసుకుపోయింది. 81 మందిలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

విమానాన్ని అక్కడే బాగుచేశారు. 2011 మార్చి 24న అదే పొట్టి రన్‌వే మీంచి అది మళ్ళీ ఎగిరిపోయింది.