నూనె ఎప్పుడు పడుతుంది?

2016లో అమెరికాలో బర్గర్ కింగ్ వారు ఒక వింత వంటకం అమ్మారు. చీజ్ కలిపిన మాకరోనీ అక్కడి పిల్లలకు ఇష్టమైన మెత్తని ఇంటి వంట. దాన్ని కడ్డీలుగా చేసి, చీటోస్ చిరుతిండి రుచిగల పొర తొడిగి, నూనెలో వేయించారు.

పైన కరకర, లోపల మెత్తన! ఎలాగంటారా? మన మిరపకాయ బజ్జీనే చూడండి. కాగిన నూనె వేడి సుమారు 180 డిగ్రీలు. పైపొరలోని నీరు ఆవిరై పోతుంది, పొర గట్టిపడుతుంది. లోపల మాత్రం తడి ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. బాణలిలో లేచే బుడగలు ఆ ఆవిరివే. అది బయటికి తోసుకొస్తుంటే నూనె లోపలికి అంతగా పోలేదు.

మరి నూనె పట్టేదెప్పుడు? ఎక్కువగా బయటికి తీశాకే! చల్లారేకొద్దీ లోపలి ఆవిరి నీరవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, పైన అంటిన నూనెను పొర పీల్చుకుంటుంది. కనుక తీసిన వెంటనే, వేడిమీదే, చిల్లుల గరిటెలో నూనె ఓడ్చాలి. పాత వార్తాపత్రిక మీద మాత్రం వెయ్యకండి, సిరా అంటుతుంది.