నిదానమే ప్రధానం

ఉద్దేశం: నిత్యజీవితంలో ఎదురయ్యే చిన్న చిక్కును తర్కబద్ధంగా పరిశీలించి, కారణాన్ని గుర్తించే పద్ధతిని విద్యార్థులకు తెలియజేయడం, విద్యుత్ పరికరాల వాడకంలో పాటించవలసిన జాగ్రత్తల పట్ల అవగాహన కలిగించడం.

పాఠం

వేన్నీళ్ళ స్నానం మనకు కొత్త కాదు. ఒకప్పుడు పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద నీళ్ళకాగు ఉండేది. తరువాత నడుమ నిప్పుల గొట్టం ఉన్న రాగి బాయిలరు వచ్చింది. నిప్పు ఆరితే ఆ సంగతి బూడిద చెప్పేది. కట్టె తడిదైతే పొగ చెప్పేది. లోపం ఎక్కడ ఉన్నదో కంటికే తెలిసేది. నేడు ఆ స్థానాన్ని గోడకు వేలాడే విద్యుత్ గీజరు ఆక్రమించింది. దానిలో నిప్పు కనిపించదు, పొగ రాదు. కొండమీది పొగను చూసి నిప్పును ఊహించాలన్నది మన తర్కశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. పొగ కూడా లేని చోట ఊహకు ఇంకా ఎక్కువ శ్రద్ధ కావాలి.

గీజరు అనే మాట ఐస్‌లాండ్ దేశంలోని గేసిర్ అనే వేడినీటి ఊట పేరు నుండి వచ్చింది. 1868లో లండన్ నగరవాసి బెంజమిన్ మాన్ గ్యాసుతో నీటిని కాచే యంత్రాన్ని రూపొందించి, దానికి ఆ పేరు పెట్టాడు. గ్యాసు మండగా వెలువడే వాయువులు బయటికి పోయే దారి ఆ యంత్రానికి లేదు. సుఖం వెంట ప్రమాదం మొదటి నుండీ నడుస్తూనే ఉన్నదన్నమాట. ఆ సత్యం నాకు గ్రంథాల వల్ల గాక మా ఇంటి స్నానాల గదిలో బోధపడింది.

2021 డిసెంబరులో హనుమకొండలోని మా పాత ఇంట్లో 15 లీటర్ల గీజరు పెట్టించాను. ధనుర్మాసంలో మా అమ్మ తెల్లవారుజామునే స్నానం చేస్తుంది. ఆమెకు చన్నీళ్ళ బాధ తప్పాలన్నది నా కోరిక. బిగించడానికి వచ్చిన యువకుడు పని మొదలుపెట్టేసరికి నాకు కళాశాల వేళ అయింది. "త్వరగా కానివ్వు నాయనా" అని రెండుసార్లు తొందరపెట్టాను. అతడు గొట్టాలు బిగించి, నల్లా తిప్పి నీళ్ళు రావడం చూపించి, మీట నొక్కి వెళ్ళిపోయాడు.

మరునాటి నుండి ఫిర్యాదులు మొదలైనాయి. అరగంట కాగినా ఒక చెంబెడు వేడినీళ్ళు వచ్చి, ఆ వెంటనే చన్నీళ్ళు వచ్చేవి. మూడవనాడు అమ్మ, "బిడ్డా, నల్లా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటున్నది" అన్నది. చలికి తిమ్మిరి ఎక్కి ఉంటుందన్నాను. నీళ్ళు చాలకపోవడం పెద్ద లోపంగా, చెయ్యి జుమ్మనడం చిన్న విషయంగా నాకు తోచింది. నిజం దీనికి సరిగ్గా విరుద్ధమైనది.

ఆ ఆదివారం ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న మా మేనకోడలు వచ్చింది. సంగతి వినగానే ఆమె చేసిన మొదటి పని గీజరు మీట ఆపి, మెయిను బోర్డులో దానికి సంబంధించిన స్విచ్చును కూడా దించడం. తరువాత, "మామయ్యా, దీనితో ఇచ్చిన పుస్తకం చదివారా?" అని అడిగింది. ఇంటినిండా గ్రంథాలు పేర్చుకున్న నేను ఆ పదహారు పేజీల పుస్తకాన్ని కవరులోంచి తీయనేలేదు.

ఆమె కాగితం తీసుకొని లెక్క వేసింది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు వేడిచేయడానికి 2000 వాట్ల గీజరుకు సుమారు 18 నిమిషాలు చాలు. అరగంట తరువాత కూడా చెంబెడు వేడినీళ్ళే వస్తున్నాయంటే తొట్టి నిండా నీళ్ళు లేవేమో! పుస్తకంలోని బొమ్మను గీజరుతో పోల్చి చూసింది. చన్నీళ్ళ దారికి నీలిరంగు వలయం, వేన్నీళ్ళ దారికి ఎర్ర వలయం ఉంటాయి. మా ఇంట్లో చన్నీళ్ళ గొట్టాన్ని ఎర్ర వలయం ఉన్న దారికి బిగించారు.

రంగులు తారుమారైతే ఏమవుతుంది? చన్నీళ్ళు తొట్టి అడుగున ప్రవేశించాలి. వేడెక్కిన నీళ్ళు తేలికై పైకి చేరుతాయి. అందుచేత వేన్నీళ్ళను తీసుకొనే లోపలి గొట్టం మూతి తొట్టి పైభాగాన ఉంటుంది. నీళ్ళు ఆ మూతిని చేరాలంటే తొట్టి నిండాలి. కనుక నల్లాలో ధార వచ్చిందంటే తొట్టి నిండినట్లే. గొట్టాలు మారితే నీళ్ళు పైనుండి పడి అడుగునుండి పోతాయి. పైభాగాన గాలి చిక్కుకుంటుంది. నల్లాలో ధార వస్తుంది గాని తొట్టి నిండదు. నీళ్ళలో పూర్తిగా మునిగి ఉండవలసిన తాపక కడ్డీ కొంత గాలిలో ఉండి మితిమీరి కాలుతుంది. దాని పైతొడుగు పగిలే ప్రమాదం ఉంటుంది. పగిలితే విద్యుత్తు నీటిలోకి, లోహపు తొట్టిలోకి పాకుతుంది.

"అమ్మమ్మా, చెయ్యి జుమ్మనడం రోజూ ఉందా?" అని మేనకోడలు అడిగింది. "రోజూ ఉన్నది గాని, నిన్న కరెంటు పోయినప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు" అన్నది అమ్మ. నేను నివ్వెరపోయాను. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండడం అన్వయం. అది లేనప్పుడు ఇది కూడా లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ కుదిరితే కార్యకారణ సంబంధం ఉన్నదని ఊహించవచ్చు. ఈ మాటలను తరగతిలో ఎన్నోసార్లు వివరించిన నాకు మా అమ్మ మాటలో అవి వినిపించలేదు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆమె చెప్పిన దానిని పరీక్షించడానికి మేము మళ్ళీ నల్లాను ముట్టుకోలేదు. అటువంటి పరీక్ష ప్రాణం మీదికి తెస్తుంది.

అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియనును పిలిపించాము. ఆయన తాపక కడ్డీ దెబ్బతిన్నదని తేల్చి, ప్లగ్గు పెట్టే సాకెట్టును విప్పాడు. ప్లగ్గులో పొడవుగా, లావుగా ఉండే మూడవ పుల్ల ఎర్తుకు సంబంధించినది. పరికరం పైభాగానికి పాకిన విద్యుత్తును అది భూమిలోకి దారి మళ్ళిస్తుంది. మా సాకెట్టులో మూడవ రంధ్రం ఉన్నది గాని దాని వెనుక తీగ లేదు! భూమిలోకి పోవలసిన విద్యుత్తు ఆ దారి లేక అమ్మ చేతి గుండా పోయింది. తడి చేయి, తడి నేల. విద్యుత్తు పాళ్ళు మరికొంత పెరిగి ఉంటే ఆ ధనుర్మాసం మా ఇంట ఎలా ముగిసేదో తలచుకుంటే నేటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

గొట్టాలు సరిచేయించి, కొత్త కడ్డీ వేయించాము. పెరట్లో గొయ్యి తవ్వించి, ఉప్పు, బొగ్గు పోయించి, ఎర్తు తీగను ఇంట్లోని బోర్డుకు కలిపించాము. 30 మిల్లీఆంపియర్ల విద్యుత్తు దారితప్పినా సరఫరాను క్షణంలో తెంచే ఆర్.సి.సి.బి. అనే రక్షణ సాధనాన్ని కూడా అమర్చాము. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. కనుక దానికి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలని ఎలక్ట్రీషియను చెప్పాడు.

అంతా బాగైందనుకొన్న నాడే గీజరు కింది వాల్వు నుండి నీళ్ళు బొట్లుబొట్లుగా పడసాగాయి. పొరుగాయన ఆ రంధ్రానికి బిరడా కొట్టమన్నాడు. ఈసారి నేను తొందరపడలేదు, పుస్తకం తెరిచాను. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 15 లీటర్ల నీరు 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు చేరితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ ఒత్తిడిని తగ్గించడానికే వాల్వు బొట్లు విడుస్తుంది. కాగుతున్నప్పుడు మాత్రమే బొట్లు పడితే అది లోపం కాదు; గీజరు ఆపిన తరువాత కూడా ఆగకుండా కారితేనే నిపుణునికి చూపించాలి. ఆ రంధ్రాన్ని మూసివేస్తే ఒత్తిడికి తొట్టి పగలవచ్చు. లోపంలా కనిపించే ప్రతిదీ లోపం కాదు. అల్పంగా కనిపించే ప్రతిదీ అల్పమూ కాదు.

తెలుగులో నిదానం అంటే నెమ్మది, తొందరపడకపోవడం. సంస్కృతంలో ఆ మాటకే మూలకారణం, రోగకారణాన్ని నిర్ణయించడం అనే అర్థాలు ఉన్నాయి. చరకసంహితలో నిదానస్థానం అనే విభాగం ఉన్నది. వైద్యుడు రోగి మాట విని, లక్షణాలను పరిశీలించి, కారణాన్ని నిర్ణయించిన తరువాతనే చికిత్సకు పూనుకోవాలి. యంత్రం విషయంలోనూ అంతే. ముందుగా విద్యుత్తును ఆపాలి. ఉపయోగించేవారి మాటను శ్రద్ధగా వినాలి. ప్రాణానికి సంబంధించిన లక్షణాన్ని మొదట పరిశీలించాలి. తెలియని పనిని తెలిసినవారికి అప్పగించాలి. "నిదానమే ప్రధానం" అన్న సామెతకు రెండు అర్థాలూ సరిపోతాయని మా ఇంటి గీజరు నాకు నేర్పింది. నెమ్మది లేనిదే కారణం దొరకదు.

కఠిన పదాలకు అర్థాలు

కాగు : నీళ్ళు కాచే పెద్ద పాత్ర
నల్లా : కొళాయి
తాపక కడ్డీ : నీటిని వేడిచేసే లోహపు కడ్డీ
అన్వయం : ఒకటి ఉంటే మరొకటి ఉండడం
వ్యతిరేకం : (తర్కంలో) ఒకటి లేకుంటే మరొకటి లేకపోవడం
వ్యాకోచించు : పరిమాణంలో పెరుగు

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. రచయిత ఇంటి గీజరులోని లోపాలను ఏ క్రమంలో, ఏ ఆధారాలతో గుర్తించారో వివరించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. గీజరు గొట్టాలు తారుమారైతే కలిగే అనర్థాలేవి?
2. "నిదానం" అనే పదానికి గల రెండు అర్థాలను పాఠ్యాంశంతో సమన్వయించండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మేనకోడలు చేసిన మొదటి పని ఏది?
2. గీజరు వాల్వును ఎందుకు మూసివేయరాదు?