గాలిమరకు భూమిని కౌలుకిచ్చుటకు ముందు రైతు తెలిసికొనవలసిన విషయములు



కొంతకాలము క్రిందట శామీర్‌పేట ప్రాంతమునుండి ఒక వృద్ధ రైతు తన కుమారునితో కూడ వచ్చి, నాలుగు పుటల కాగితమును మా ముందుంచెను. ఆయనకు 4 ఎకరముల చెలక కలదు. అందులో గాలిమర నిలుపుటకై మధ్యవర్తి యొకడు తెచ్చిన ఒప్పందమది. బయానాగా కొంత సొమ్ము వెంటనే ఇచ్చెదమని చెప్పిరట. "సంతకం పెట్టమంటే పెడ్త సారూ, కాని ఇది నా తర్వాత నా పిల్లల మెడకు చుట్టుకుంటదా?" అని ఆయన అడిగెను.

ఆ ప్రశ్న చాల మంచిది. ఆ కాగితమును చదువగా తేలిన సంగతులివి. మొదటి 3 సంవత్సరములు కంపెనీ గాలిని "పరిశీలించును". అంతవరకు కౌలు లేదు. ఆ కాలమున రైతు భూమిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, పంచుకొనరాదు. పిదప కంపెనీకి ఇష్టమైనచో 29 సంవత్సరముల 11 నెలలకు కౌలు ప్రారంభమగును. కంపెనీ 3 నెలల నోటీసుతో ఎప్పుడైనను విడిచిపోవచ్చును. రైతునకు ఆ హక్కు లేదు. ఆ రైతు మరుసటి ఏట మనుమరాలి వివాహమునకై ఒక ఎకరము అమ్మదలచి యున్నాడు. సంతకము పెట్టి యున్నచో అది సాధ్యపడెడిది కాదు.

పంట కౌలు ఒక ఏడాదితో తీరిపోవును. కౌలుదారు నచ్చనిచో మరుసటి ఏట మార్చుకొనవచ్చును. గాలిమర కౌలు అట్టిది కాదు. అది ఒక తరమును దాటి పోవు ఒప్పందము. కావున ఇచ్చు సొమ్మును చూచుటకు ముందు కాగితమును, కాగితమును చూచుటకు ముందు గాలిని చూడవలెను.

1. మీ చేనిలో తగిన గాలి యున్నదా?

గాలినుండి లభించు శక్తి గాలి వేగమునకు ఘనముగా పెరుగును. సెకనుకు 5 మీటర్ల గాలిలో 125 పాళ్ల శక్తి యున్నదనుకొన్నచో, 7 మీటర్ల గాలిలో 343 పాళ్లుండును. అనగా వేగము రెండు మీటర్లు పెరిగినంతనే శక్తి సుమారు 2 ¾ రెట్లగును. అందువలననే కంపెనీలు గాలి బాగుగా వీచు మిట్టలను, కొండ అంచులను వెదకికొని పోవుచున్నవి.

అనంతపురము ప్రాంతమున రామగిరి కొండలమీద 1990 తరువాతి దశకములోనే గాలిమరలు వెలసినవి. 2024 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 4,000 మెగావాట్లకు మించి గాలి విద్యుత్తు యంత్రములు నెలకొనగా, తెలంగాణమున అవి సుమారు 128 మెగావాట్లు మాత్రమే. అందు పెద్దభాగము వికారాబాదు జిల్లా పరిగి ప్రాంతముననే కలదు. ఈ అంకెలను బట్టియే గాలి యెక్కడ మెండుగా నున్నదో మీరు గ్రహింపవచ్చును.

మన ప్రాంతమున గాలి ముఖ్యముగా జూన్ నుండి సెప్టెంబరు వరకు, నైరుతి ఋతుపవనముల కాలమున బలముగా వీచును. తక్కిన నెలలలో మందగించును. కావున ఒక నెల కొలిచిన గాలిని చూచి నిర్ణయము చేయరాదు. కనీసము ఒక పూర్తి సంవత్సరపు కొలతలు, అదియు గాలిమర ఇరుసు ఉండబోవు ఎత్తునకు దగ్గరగా తీసినవి, ఉండవలెను. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ దేశమంతటికి గాలి పటములను తయారుచేసినది. వచ్చిన కంపెనీని "మా గ్రామపు గాలి కొలత కాగితము చూపుడు" అని అడుగుటకు సంకోచింపవలదు. గాలి లేని చోట భూమిని అడుగువానికి గాలి మీద గాక భూమి మీద దృష్టి యుండునని అనుమానించుట తప్పు కాదు.

2. మేడ్చల్, శామీర్‌పేటలలో ఉన్న అడ్డంకులు

ఈ రెండు ప్రాంతములు ఒకప్పుడు ద్రాక్షతోటలకు, కూరగాయలకు పేరుపొందినవి. నేడు బాహ్యవలయ రహదారి, పరిశ్రమలు, ఇండ్ల స్థలములు పొలముల దాకా వచ్చినవి. ఇక్కడ గాలిమర నిలుపుట సులభము కాదు. అందుకు రెండు కారణములు కలవు.

మొదటిది దూరము. కేంద్ర ప్రభుత్వపు నవీన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2016లో జారీచేసిన మార్గదర్శకముల ప్రకారము, చప్పుడు బాధ లేకుండుటకై గాలిమర జనావాసములకు కనీసము 500 మీటర్ల దూరమున ఉండవలెను. 500 మీటర్ల వ్యాసార్ధముతో గీచిన వృత్తము సుమారు 194 ఎకరములగును. ఇల్లు లేని 194 ఎకరములు నేడు మన గ్రామములలో ఎన్నిచోట్ల దొరకును? మరియు రహదారులకు, కట్టడములకు, హైటెన్షన్ తీగలకు ఎంత దూరముండవలెనో అదే మార్గదర్శకములు చెప్పుచున్నవి: ఇరుసు ఎత్తు, రెక్కల చక్రపు వ్యాసములో సగము, మరి 5 మీటర్లు కలుపవలెను. ఇరుసు 120 మీటర్ల ఎత్తున, చక్రము 120 మీటర్ల వ్యాసమున ఉన్నచో ఈ దూరము 185 మీటర్లగును.

రెండవది ఎత్తు. అట్టి గాలిమర రెక్క కొన 180 మీటర్ల ఎత్తునకు పోవును. శామీర్‌పేటకు దగ్గరలో హకీంపేట, మేడ్చల్‌కు దగ్గరలో దుండిగల్ వైమానిక దళ కేంద్రములు కలవు. విమానములు దిగు చోట్లకు సమీపమున ఇంత ఎత్తయిన కట్టడమునకు సంబంధిత అధికారుల నిరభ్యంతర పత్రము తప్పనిసరి. అది లేకయే సంతకము కోరువారిని "ముందు ఆ పత్రము తెండు" అని అడుగుడు.

అయినను ఈ విషయము మీకు పనికిరానిదని తలపవలదు. మీలో పలువురికి వికారాబాదు, సంగారెడ్డి వైపుల భూములుండవచ్చును. అంతేగాక మన ప్రాంతమున గాలిమర కన్న సౌరవిద్యుత్ పలకల కొరకు భూమిని కౌలుకడుగు అవకాశము ఎక్కువ. 2019లో ప్రారంభమైన పి.ఎం. కుసుమ్ పథకములో 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు చిన్న సౌరకేంద్రములను సబ్‌స్టేషనుకు దగ్గరనున్న రైతుల భూములలో నెలకొల్పుటకు, అందుకు భూమిని కౌలుకిచ్చుటకు వీలు కల్పించిరి. క్రింద చెప్పబోవు జాగ్రత్తలు రెంటికిని వర్తించును. భేదమేమనగా, సౌర పలకలు చేనినంతటిని కప్పును. గాలిమర చుట్టును సేద్యము సాగును.

3. ఎంత భూమి పోవును?

"స్తంభమునకు కొద్ది చోటు చాలును" అని మధ్యవర్తులు చెప్పుదురు. లెక్కించి చూతము. పునాది 20 మీటర్ల వ్యాసముదైనచో సుమారు 3 గుంటలు. క్రేను నిలుచుటకు 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు గల గట్టి తావు కావలెనన్నచో సుమారు 10 గుంటలు. 5 మీటర్ల వెడల్పున 300 మీటర్ల బాట వేసినచో సుమారు 15 గుంటలు. మొత్తము 28 గుంటలు. ఇందు సగమునకు మించి బాటకే పోవుచున్నది. కావున బాట ఎక్కడ పోవలెనో ఒప్పందమున పటముతో సహా వ్రాయించుడు. చేనికి అడ్డముగా కోణమున పోయిన బాట ఒక చేనిని రెండు ముక్కలు చేయును. నాగలికి, ట్రాక్టరుకు మలుపు తిరుగక మూలలు బీడు పడును. గట్టు వెంబడి పోయిన బాట వలన నష్టము తక్కువ.

4. నేలకు కలుగు మార్పులు

మన చెలక నేలలలో సారము పైనున్న జానెడు మట్టిలోనే యుండును. పునాది త్రవ్వునపుడు పైమట్టిని, అడుగు మొరమును కలిపి చేనిమీద పరచినచో ఆ చేను ఎన్నో ఏండ్లు కోలుకొనదు. పైమట్టిని వేరుగా కుప్ప పోయించి, పని ముగిసిన పిదప మరల పైననే పరపించవలెను.

బరువైన క్రేనులు తడి నేల మీద నడచినచో నేల గట్టిపడి, వేళ్లు దిగవు, నీరు ఇంకదు. ఈ పనులను పంట లేని ఎండకాలమున చేయవలెనని షరతు పెట్టుడు. తదుపరి లోతు దుక్కి ఖర్చును కంపెనీయే భరింపవలెను. తీగలను దుక్కికి తగలనంత లోతున, కనీసము ఒక మీటరు క్రింద, పాతవలెను.

అన్నిటికంటె ముఖ్యము నీటి దారి. ఎత్తుగా వేసిన బాట వాననీటిని ఆపి ఒక చేనిని ముంచును, వేరొక చోట కోతకు గురిచేయును. అనంతపురము ప్రాంతమున కల్పవల్లి అను చోట గ్రామస్థులు ఏండ్ల తరబడి కాపాడి పెంచిన ఉమ్మడి అడవి భూములలో గాలిమరలు వెలసినవి. వాటి బాటల కొరకు కొండలను త్రవ్వుటచే మట్టి కొట్టుకొనిపోయి నీటి దారులు చెడినవని స్థానికులు ఫిర్యాదు చేసి జాతీయ హరిత ట్రైబ్యునల్ వరకు వెళ్లిరి. అట్టి చిక్కు రాకుండ, బాట క్రింద తూములు ఎన్ని, ఎక్కడ అనునది ముందే నిర్ణయింపవలెను.

5. కౌలు సొమ్మును ఎట్లు నిర్ణయింపవలెను?

పెరుగుదల లేని కౌలు మీకు నష్టమే. ఉదాహరణకు ఎకరమునకు ఏటికి 30,000 రూపాయలని 25 ఏండ్లకు వ్రాసికొన్నారనుకొనుడు. ధరలు ఏటికి నూటికి 5 చొప్పున పెరిగినచో, 25 ఏండ్ల పిమ్మట ఆ 30,000 రూపాయలతో నేడు సుమారు 8,900 రూపాయలకు వచ్చు వస్తువులే వచ్చును. కావున ఏటేట, లేదా రెండేండ్లకొకసారి, నూటికి ఇంత చొప్పున పెరుగవలెనని వ్రాయించుడు.

రెండవ పద్ధతి, పండిన విద్యుత్తులో పాలు. 2 మెగావాట్ల గాలిమర తన పూర్తి శక్తిలో నాలుగవ వంతు పని చేసినచో ఏటికి 43 లక్షల 80 వేల యూనిట్లు ఇచ్చును. కనీస కౌలు స్థిరముగా నుంచి, ఉత్పత్తి హెచ్చిన యేట కొంత పాలు అదనముగా అడుగుట న్యాయమే.

కౌలు వచ్చుటతో కొన్ని పోవునని మరువరాదు. సేద్యేతర వినియోగమునకు మార్చిన భూమికి పెట్టుబడి సహాయము రాదు. 2025 జనవరిలో ప్రారంభమైన రైతు భరోసా సాగుకు యోగ్యమైన భూమికే ఎకరమునకు ఏటికి 12,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. పంట రుణమునకు ఆ భూమి పనికిరాదు. ఆ కౌలు వ్యవసాయ ఆదాయముగా లెక్కకు రాదు. ఆదాయపు పన్ను లెక్కలో చేరును. కావున యంత్రము, బాట ఆక్రమించిన గుంటలను మాత్రమే మార్పించి, తక్కిన చేనిని సేద్యపు భూమిగానే నిలుపుకొనుడు. మార్పిడి రుసుమును కంపెనీయే చెల్లింపవలెను.

6. కాగితమున ఉండవలసినవి

(అ) ఒక సంవత్సరమునకు మించిన కౌలును తప్పక రిజిస్టరు చేయించవలెను. తెల్లకాగితపు ఒప్పందమును నమ్మరాదు.

(ఆ) ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూమిని కౌలుకిచ్చుట 1977 నాటి చట్టము ప్రకారము నిషిద్ధము. మీ పట్టా ఏ రకమో ముందు చూచుకొనుడు.

(ఇ) ఆస్తిలో భాగమున్న అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు అందరును సంతకము చేయవలెను. ఆడబిడ్డల వాటాను మరచిన ఒప్పందము పిదప కోర్టుకెక్కును.

(ఈ) పరిశీలన కాలము ఒక ఏడాది లేక ఏడాదిన్నరకు మించరాదు. ఆ కాలమునకును కొంత సొమ్ము ఇవ్వవలెను.

(ఉ) కంపెనీ తన కౌలు హక్కును బ్యాంకునకు కుదువ పెట్టుకొనవచ్చును. మీ యాజమాన్యపు హక్కును కాదు. ఈ మాట స్పష్టముగా నుండవలెను.

(ఊ) కౌలు నిర్ణీత గడువు దాటి నిలిచిపోయినచో ఒప్పందమును రద్దుచేయు హక్కు మీకుండవలెను. రెక్క విరిగినను, మంట లేచినను కలుగు నష్టమునకు కంపెనీ బాధ్యత వహింపవలెను.

(ఋ) గాలిమర ఆయువు 20 నుండి 25 ఏండ్లు. పిదప దానిని తొలగించునదెవరు? పునాదిలో 400 ఘన మీటర్ల కాంక్రీటు ఉన్నచో దాని బరువు 960 టన్నులు. అది మీ మనుమలకు మిగులరాదు. కనీసము ఒక మీటరు లోతు వరకు పగులగొట్టి, మట్టి నింపి అప్పగించవలెనని, అందుకు బ్యాంకు హామీ ముందే ఉంచవలెనని కోరుడు. అప్పటికి కంపెనీ చేతులు మారి యుండవచ్చును. బ్యాంకు హామీ నిలిచి యుండును.

పైన చెప్పిన వృద్ధ రైతు ఈ ప్రశ్నలన్నిటిని ఒక కాగితము మీద వ్రాసికొని ఇంటికి వెళ్లెను. గాలి కొలతలు, విమానయాన అధికారుల పత్రము చూపుమని అడిగిన తరువాత ఆ మధ్యవర్తి మరల రాలేదని పిదప కుమారుడు తెలియజేసెను. నిజముగా గాలిమర నిలుపదలచిన కంపెనీ ఈ ప్రశ్నలకు కోపింపదు. వాటికి జవాబులు దానివద్ద ముందే యుండును.

విత్తనమును కొనునపుడు గింజను నోట కొరికి చూచు రైతు, 30 ఏండ్ల కాగితమును చదువక సంతకము చేయరాదు. సంతకమునకు ముందు కాగితపు ప్రతిని ఇంటికి తెచ్చుకొని, చదువుకొన్న బిడ్డలతో చదివించి, న్యాయవాదికి చూపుడు. రెండు వారములు ఆలస్యమైనచో గాలి ఎక్కడికిని పోదు. భూమి పోయినచో తిరిగి వచ్చుట కష్టము.