ఇంటి పత్రాల తాకట్టుకు ఒకే నమూనా ఫారం ఎందుకు?



పై చదువుల కోసం బ్యాంకు అప్పు తీసుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం, రూ.7.5 లక్షలు దాటిన విద్యారుణానికి సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు. అంటే ఇంటి అసలు పత్రాలు బ్యాంకులో పెట్టాలి. నేను చెన్నైలో చాలాకాలం బ్యాంకు రుణాల విభాగంలో పనిచేశాను. వడ్డీ ఎంత అని అందరూ అడిగేవారు. తాకట్టు ఎక్కడ, ఏ ఫారంలో నమోదవుతుందని అడిగినవారు అరుదు. ఈ పాఠం ఆ ప్రశ్న గురించే.

మద్రాసు పేరు చట్టంలోనే ఉంది

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కలకత్తా, మద్రాసు, బొంబాయి పట్టణాల పేర్లు చెప్పి, అక్కడ పత్రాలు అప్పగించడం ద్వారానే తాకట్టు పెట్టవచ్చని అంగీకరించింది. మిగతా పట్టణాలను రాష్ట్ర ప్రభుత్వాలు తరువాత చేర్చవచ్చు. వ్యాపారులకు ఇది సుళువైన పద్ధతి. రాతకోతలు అక్కరలేదు. అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. రాత లేకపోతే ఈసీలో, అంటే ఇక్కడివారు విల్లంగం అనే సర్టిఫికెట్టులో, ఆ తాకట్టు కనబడదు. ఒకే ఇంటిని ఇద్దరి దగ్గర తాకట్టు పెట్టినా, తాకట్టులో ఉన్న ఇంటిని అమ్మినా, కొనేవారికి తెలిసే దారి లేదు.

తమిళనాడులో 2012 నాటి చట్ట సవరణతో, పత్రాల అప్పగింతకు సంబంధించిన ఒప్పందాన్ని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయడం తప్పనిసరి అయింది. అంతకుముందే, 2011 మార్చి 31న, దేశమంతటికీ కలిపి సెర్సాయి అనే కేంద్ర రిజిస్ట్రీ మొదలైంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం దీనికి ఆధారం.

ఉత్తరం చాలదా?

“ఫలానా ఇల్లు మా దగ్గర తాకట్టులో ఉంది” అని బ్యాంకు ఒక ఉత్తరం రాస్తే చాలదా అని విద్యార్థులు అడగవచ్చు. చాలదు. రికార్డు ఉంటే సరిపోదు, వెతికినవారికి అది దొరకాలి. ఒక బ్యాంకు సర్వే నంబరు రాసి, మరొకటి పాత డోరు నంబరు రాస్తే రెండూ ఒకే ఇల్లని ఎవరూ పోల్చుకోలేరు. నమూనా ఫారంలో ఆస్తి వివరాలు, అప్పు తీసుకున్నవారి వివరాలు, అప్పు మొత్తం, తేదీ వేటి గడిలో అవి ఉంటాయి. అందుకే ఎవరైనా రుసుము చెల్లించి, ఆస్తి వివరాలతో వెతకగలుగుతారు.

చెన్నై తెలుగువారికి పేరుతో మరో ఇబ్బంది ఉంది. దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. బ్యాంకు ఖాతాలో ఒక్క పొడి అక్షరం ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివరకు పోతుంది. పాన్ నంబరు లాంటి గుర్తింపు ఉంటేనే ముగ్గురూ ఒకరేనని తేలుతుంది.

అమెరికాలోనూ ఇదే పాఠం. అక్కడ యంత్రాలు, సరుకుల వంటి చరాస్తిపై హామీని రాష్ట్ర కార్యాలయంలో యూసీసీ-1 అనే ఫారంతో నమోదు చేస్తారు. ఏకరూప వాణిజ్య నియమావళి తొమ్మిదవ భాగంలోనే ఆ నమూనా అచ్చయి ఉంది. ఆ నమూనాలో సరిగా నింపి ఇస్తే, కాగితాలు తీసుకునే కార్యాలయం నమూనా బాగాలేదని తిప్పి పంపకూడదు. అప్పు తీసుకున్న వ్యక్తి పేరు తప్పుపడి, సరైన పేరుతో వెతికినప్పుడు రికార్డు దొరకకపోతే ఆ నమోదు చెల్లదు. అందుకే 2013లో అమలైన సవరణలతో ఎక్కువ రాష్ట్రాలు, డ్రైవింగ్ లైసెన్సులో ఉన్న పేరునే రాయాలన్నాయి.

అప్పు తీరిన తరువాత

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. తాకట్టు పెట్టేటప్పుడు ఫారం నింపడం బ్యాంకుకు అవసరం. 2020 జనవరి 24 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, నమోదు చేయని బ్యాంకు సర్ఫేసీ కింద ఆస్తిని స్వాధీనం చేసుకోలేదు. అప్పు తీరాక తాకట్టు రద్దు ఫారం వేయడం మాత్రం మనకు అవసరం. అది పడకపోతే, బిడ్డ ఉద్యోగంలో చేరి అప్పంతా కట్టేసినా, ఇల్లు రికార్డులో తాకట్టులోనే ఉంటుంది. చెల్లెలి పెళ్లికి అమ్మబోయినా, మరో అప్పుకు వెళ్లినా పని ఆగిపోతుంది.

కనుక ఈ నాలుగు పనులు చేయండి.

1. తాకట్టు సమయంలో నింపిన వివరాల నకలు అడిగి తీసుకోండి. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం దస్తావేజుతో సరిచూడండి.

2. అప్పు తీరగానే అసలు పత్రాలు, బాకీ లేదన్న లేఖ తీసుకోండి. 2023 సెప్టెంబరు 13 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 30 రోజులలో పత్రాలు తిరిగి ఇచ్చి, రిజిస్ట్రీలలో తాకట్టు తొలగించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 పరిహారం ఇవ్వాలి.

3. సబ్ రిజిస్ట్రారు దగ్గర రసీదు దస్తావేజు, సెర్సాయిలో రద్దు ఫారం, రెండూ వేరువేరు. ఒకటి జరిగితే రెండోది దానంతట అది జరగదు. రెండూ పూర్తయ్యాక కొత్త ఈసీ తీసి చూడండి.

4. సెర్సాయిలో బ్యాంకు రద్దు చేయకపోతే, అప్పు తీసుకున్నవారే కేంద్ర రిజిస్ట్రారుకు తెలియజేయవచ్చు. ఆయన బ్యాంకుకు నోటీసు ఇచ్చి, 14 రోజులు మించని గడువులో జవాబు అడుగుతారు.

విద్యార్థులారా, ఈ సెలవుల్లో అమ్మానాన్నల దగ్గర కూర్చుని ఇంటి దస్తావేజు ఒకసారి చదవండి. అందులోని పేరు, సర్వే నంబరు మీ నోటుపుస్తకంలో రాసి ఉంచుకోండి. బ్యాంకుకు వెళ్లిన రోజున ఫారం మీ చేతికి వస్తే, ఏ గడిలో ఏముండాలో మీరే చూసి చెప్పగలుగుతారు.