పాచిక మీద పది డాలర్లు

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ కొన్నాళ్ళు ఆడాక ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు అడుగుతారు: ‘డబ్బు పెట్టి ఆడదామా?’ అడగడంలో న్యాయం ఉంది. పాత్ర చచ్చిపోతే ఇంకో కాగితం తీసుకుని కొత్త పాత్ర రాసుకోవచ్చు. పోగొట్టుకున్న బంగారమంతా నోటిమాట బంగారమే. జేబులోంచి నిజంగా ఒక డాలర్ పోతుందంటే పాచిక విసిరే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ఇళ్ళల్లో దీపావళి రాత్రి మూడు ముక్కలాటకు కూర్చున్నవాళ్ళకు ఇది తెలిసిన సంగతే.

అయితే పేకాటలో డబ్బు పెట్టినట్టు ఈ ఆటలో పెట్టడం కుదరదు. పేకాటలో ఎవరికి వాళ్ళే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ బయటికి తెచ్చిన ఈ ఆటలో మాత్రం నలుగురైదుగురు ఒకే జట్టు. ఎదురుగా డీఎం (డన్జన్ మాస్టర్) కథ నడుపుతూ, రాక్షసులందరి తరఫునా తానే ఆడుతూ, తీర్పరిగా కూడా ఉంటాడు. గెలిచినవాడెవడో తేలే ఆట కాదిది. కాబట్టి డబ్బు ఎక్కడ పెట్టాలన్నది జాగ్రత్తగా తేల్చుకోవాలి. నేను నమ్మి ఆడిస్తున్న పద్ధతికి ఆధారం ఒక్కటే: పందెం స్నేహితుడి మీద కాదు, పాత్ర చూపించే తెగువ మీద. దాన్ని మొదటినుంచీ చెబుతాను. ఐదుగురు ఆటగాళ్ళు, ఒక డీఎం అనుకుందాం.

అందరికంటే ముందు చూడాల్సింది చట్టం. టెక్సస్ శిక్షాస్మృతిలో 47.02 సెక్షన్ ప్రకారం పందెం కాయడం నేరమే, కానీ మూడు షరతులూ ఉంటే అదే సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆట ప్రైవేటు చోట జరగాలి. ఆటలో సొంతంగా గెలుచుకున్నది తప్ప ఎవరికీ ఇంకే ఆర్థిక లాభమూ రాకూడదు. నేర్పు, అదృష్టం సంగతి పక్కన పెడితే గెలుపోటముల అవకాశం అందరికీ సమానంగా ఉండాలి. ఈ మూడింటినీ గుర్తుంచుకోండి, కింద చెప్పే నియమాల్లో సగం వీటిలోంచి పుట్టినవే. ఇంటివాళ్ళు కుర్చీకింత అని వసూలు చేయకూడదు. పిజ్జా డబ్బులు పందెం డబ్బులోంచి తీయకూడదు. పిల్లల్ని ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టొద్దు. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి చట్టం చదువుకోండి, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునేవాళ్ళకు ఇంకో మాట: దానికి లెక్కలోకి తీసుకునే కాలంలో రెండు జూదపు నేరాలకు శిక్ష పడితే మంచి నడవడిక రుజువు చేసుకోవడానికి అదే అడ్డు. ఐదు డాలర్ల సరదా కోసం తెచ్చుకోదగిన తలనొప్పి కాదది.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఆడేవాళ్ళు డబ్బు మాట పూర్తిగా మర్చిపోవాలి. తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యం ఉన్న ఆటే కదా అనే మినహాయింపును తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2020లో తన చట్టాన్ని బిగించింది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని 2025లో కేంద్రమే నిషేధించింది. మీ జట్టులో ఒకరు కూకట్‌పల్లి నుంచి వీడియోలో కలుస్తుంటే ఆ రాత్రి ఎవరూ డబ్బు పెట్టకండి. చిప్పులు మాత్రం వాడుకోవచ్చు. 1996లో వచ్చిన డెడ్‌ల్యాండ్స్ అనే ఆటలో పాచికల ఫలితాన్ని మార్చుకోవడానికి పేకాట చిప్పులే ఇస్తారు, ఒక్క పైసా లేకుండానే అవి ఉత్కంఠ పుట్టిస్తాయి. గెలిచిన చిప్పుకు బదులుగా తర్వాతి కథలో ఒక ఊరికి పేరు పెట్టే హక్కో, ఒక శత్రువును ఎంచుకునే హక్కో ఇస్తే సరిపోతుంది.

ఇక డబ్బు. మనిషికి ఇరవై డాలర్లు. ఐదుగురిలో ఎవరికి ఆ ఇరవై పోతే బాధ కలుగుతుందో ముందే ఆలోచించి, ఆ మనిషికి ఇబ్బంది లేని దగ్గర ఆగండి. పది అయినా పర్లేదు, ఐదయినా పర్లేదు. ఉద్యోగం పోయి వీసా గడువు లెక్కపెట్టుకుంటున్నవాడు బల్ల దగ్గర ఉంటే ఈ కథకు డబ్బు వద్దని డీఎమ్మే చెప్పాలి, అతని నోటితో చెప్పించకూడదు. అప్పులుండవు, మధ్యలో మళ్ళీ డబ్బు తెచ్చిపెట్టడం ఉండదు. మొదటి రోజు పెట్టిందే చివరి రోజు వరకూ.

ఆ ఇరవైలో పది డాలర్లు డబ్బాలో పడతాయి. డేనిష్ బిస్కెట్ల నీలం డబ్బా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, సూదీ దారం బయటపెట్టి అది వాడుకోండి. అంటే డబ్బాలో యాభై. మిగతా పదికి ఒక్కో ఆటగాడు పది తెల్ల చిప్పులు తీసుకుంటాడు, చిప్పు ఒక డాలర్. పక్కన ఒక దొంతర నీలం చిప్పులు పెట్టండి. అవి గెలుపువి, ఇంకా ఎవరివీ కావు.

చేయకూడని పని ఒకటి ఇక్కడే చెప్పాలి. ఆటలోని బంగారు నాణేలకు, అసలు డబ్బుకు మారకపు రేటు పెట్టకండి. ఎవరికైనా మొదట తోచేది ఇదే, ఆటను చంపేదీ ఇదే. తొలి రోజుల నియమాల్లో ఒక బంగారు నాణెం తెస్తే ఒక అనుభవ పాయింటు వచ్చేది. అప్పటి ఆటగాళ్ళు రాక్షసుడితో పోరాడటం కంటే వాడు నిద్రపోతుండగా పెట్టె ఎత్తుకొచ్చే ఉపాయాలు వెతికేవాళ్ళు. పాయింట్ల కోసమే అంత చేస్తే డాలర్ల కోసం గుడి తలుపుల ఇత్తడి బందులు కూడా ఊడబెరుకుతారు. పైగా ఐదో ఎడిషన్‌లో ప్లేట్ కవచం ఒక్కటే పదిహేను వందల నాణేలు. డ్రాగన్ గుహ తెరిచిన రోజున ఏ రేటుకైనా మీ డబ్బా ఖాళీ. ఆటగాడు ప్రేమగా చూసుకునే వస్తువును పందెంలో పెట్టడం కూడా మంచిది కాదు. మ్యాజిక్: ది గ్యాదరింగ్ 1993లో వచ్చినప్పుడు ఇద్దరూ తమ కట్టలోంచి ఒక్కో కార్డు పందెంగా పెట్టి, గెలిచినవాడు రెండూ ఉంచుకునే నియమం ఉండేది. ఇష్టపడి దాచుకున్న కార్డు పోతుంటే చాలామందికి మనసొప్పలేదు. ఆ నియమం తర్వాత మూలన పడింది, ఆ తరహా కార్డుల్ని టోర్నమెంట్లలో నిషేధించారు.

ఇప్పుడు అసలు ఘట్టం, పందెం విసురు. కథ మలుపు తిరిగే చోట మాత్రమే దీనికి అవకాశం, మనిషికి ఒక రాత్రికి రెండుసార్లకు మించకుండా. డీఎం ముందుగా పాచిక మీద పడాల్సిన అంకె బయటికి చెబుతాడు. మామూలుగా ఆ అంకె గుట్టుగా ఉంచుతారు, పందెం ఉన్నచోట గుట్టు పనికిరాదు. చెప్పాక మార్చడానికి వీల్లేదు. అంకె విన్నాకే ఆటగాడు పందెం కాస్తాడో మానుకుంటాడో తేల్చుకుంటాడు. ఒకటి నుంచి మూడు తెల్ల చిప్పులు ముందుకు జరిపి, ఓడితే కథలో ఏం పోతుందో తన నోటితో తానే చెప్పాలి.

తగలబడుతున్న ధాన్యపు కొట్టు మీదినుంచి పక్క గోపురం మీదికి దొంగ దూకాలనుకోండి. నడుముకు కోట తాళపుచెవి వేలాడుతోంది. ఆ దూరానికి డీఎం పదిహేడు అనుకున్నాడు. దొంగకు దూకడంలో ఐదు కలుస్తుంది.

‘పాచిక మీద పన్నెండు పడాలి బావా.’

‘రెండు పెడుతున్నా.’

‘పడకపోతే?’

‘నేను చూరు పట్టుకుని వేలాడతాను. తాళపుచెవి మాత్రం మంటల్లో పడిపోతుంది.’

‘అది పోతే మనం కోటలోకి ఎలా వెళ్తాం రా!’ అని మంత్రగత్తె అటునుంచి అరుస్తుంది. ఇరవై ముఖాల పాచిక బల్ల మధ్యలో, అందరూ చూస్తుండగా దొర్లాలి. పద్నాలుగు పడింది. రెండు తెల్లవి తీసేసి, అతని ముందు నాలుగు నీలం చిప్పులు పెట్టండి. పడకపోయుంటే ఆ రెండు డాలర్లూ డబ్బా సొమ్ము, తాళపుచెవి బూడిద. డబ్బు ఒక్కటే పోయేట్టయితే అది జూదంగానే మిగిలిపోతుంది. కథలో కూడా ఏదో ఒకటి పోవాలి, అది ఐదుగురినీ తాకేదై ఉండాలి. ఈ నియమం మీద నాకు పట్టుదల ఎక్కువ.

చెల్లింపు లెక్క చిన్నది. పాచిక మీద పదకొండు నుంచి పదిహేను వరకు కావాలంటే డాలర్‌కు డాలర్. పదహారు, అంతకుమించి కావాలంటే డాలర్‌కు మూడు. పదికో అంతకు తక్కువకో పందెం లేదు. ఇరవై ముఖాల్లో ఒక్కోదానికి ఐదు శాతం, కాబట్టి పదకొండు అంటే సగానికి సగం, పదహారు అంటే నాలుగింట ఒకటి. రెండు చోట్లా పందెం సరిసమానం. మధ్య అంకెల్లో డబ్బాకు కాస్త మొగ్గు ఉంటుంది, పదమూడు దగ్గర డాలర్‌కు సగటున ఇరవై సెంట్లు. పంతొమ్మిది, ఇరవై కావాల్సిన చోట డాలర్‌కు మూడు చాలా తక్కువ, అక్కడ ఊరుకోవడమే తెలివి. చెల్లించేది డబ్బాలో ఉన్నంత వరకే, కాబట్టి అంతకు మించిన పందెం ఒప్పుకోకూడదు. కలిసే అంకెలన్నీ తీసేశాక పాచిక మీద పడాల్సినదాన్నే లెక్కిస్తున్నాం కనుక, కండలున్న యోధుడికీ కర్ర పట్టుకున్న మంత్రగాడికీ పందెం ఒకటే. సమాన అవకాశం అని టెక్సస్ చట్టం అడిగేదానికి ఈ లెక్కే మన జవాబు.

ఐదో ఎడిషన్ ఆడేవాళ్ళు ‘అడ్వాంటేజ్’ దగ్గర మరింత మెలకువగా ఉండాలి. అడ్వాంటేజ్ వస్తే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటారు. పదకొండు కావాల్సిన చోట రెండూ పదిలోపు పడే అవకాశం సగంలో సగం, అంటే పావు. గెలుపు డెబ్బై ఐదు శాతం. డాలర్‌కు డాలర్ చెల్లిస్తే విసిరినప్పుడల్లా సగటున యాభై సెంట్లు అతని జేబులోకి. పదహారు కావాల్సిన చోట ఇంకా దారుణం, డాలర్‌కు డెబ్బై ఐదు సెంట్లు మిగులుతాయి. అందుకని పందెం కాస్తే ఒక్క పాచికే. స్నేహితుడు మంత్రంతో కలిపే అదనపు పాచికలు కూడా ఉండవు. ఆటగాడు అడ్వాంటేజ్ కష్టపడి సంపాదించుకుని ఉండొచ్చు. దాన్ని వాడుకుని పందెం మానుకోవాలి, లేదా వదులుకుని పందెం కాయాలి. ఈ తర్జనభర్జన బల్ల మీద పుట్టించే వేడి గెలిచిన డాలర్లకంటే నాకు విలువైనది.

తెల్ల చిప్పుల్ని దాచుకోనివ్వకూడదు. కథ ముగిసేనాటికి చేతిలో మిగిలిన తెల్లవన్నీ డబ్బాకే పోతాయి. నీలం చిప్పుల్ని మళ్ళీ పందెం కాయకూడదు, అవి గెలిచినవాడివే. ఈ రెండూ లేకపోతే డబ్బు మనుషుల్ని పిరికివాళ్ళను చేస్తుంది, అందరూ యోధుడి వెనక నక్కి లెక్కలు వేసుకుంటారు. పాత్ర చనిపోయినా చిప్పులు పోవు. కొత్త పాత్ర రాసుకుని అవే చిప్పులతో కూర్చుంటాడు. చావుకు డబ్బు ముడిపెట్టామంటే ఎవరూ గుహలో అడుగు పెట్టరు. ఆటగాళ్ళు ఒకరి విసురు మీద ఇంకొకరు పక్కపందేలు కాయడం అసలే వద్దు. పక్కవాడు ఓడితే తనకు లాభం అన్న ఆలోచన జట్టులో పుట్టకూడదు.

డీఎం ఒక్క సెంటు పెట్టడు, ఒక్క సెంటు తీసుకోడు. ఎంతమంది రాక్షసులనైనా ఒక్క మాటతో పుట్టించగలవాడికి డబ్బాలో వాటా ఉందంటే అతని తీర్పును ఎవరూ నమ్మరు. తెర చాటున పాచిక వేసి, పాపం అని ఒక అంకె అటూ ఇటూ చేసే అలవాటు చాలామంది డీఎంలకు ఉంటుంది. మామూలు ఆటలో అది దయ. పందెం నడుస్తున్న సన్నివేశంలో మాత్రం తెర పక్కకు తీసి, రాక్షసుడి పాచిక కూడా అందరి ముందే వేయాలి.

చివరిది లెక్క తేల్చడం. పల్నాటి కథలో కోడిపందెం నాటి షరతు స్పష్టంగానే ఉంది, ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలి. కారెంపూడి యుద్ధం దాకా తెచ్చింది గడువు తీరాక వాటా తిరిగివ్వాల్సినప్పుడు వచ్చిన పేచీ. అందుకే కథ మొదలయ్యే రాత్రే ఒక కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టి, డబ్బా మూత లోపల అంటించండి. జట్టు అనుకున్న పని సాధిస్తే డబ్బాలో ఉన్నది ఐదుగురికీ సమానంగా. బతికినవాడికీ రెండుసార్లు చచ్చినవాడికీ అదే వాటా. సాధించలేకపోతే డబ్బా అలాగే మూసి తర్వాతి కథకు దాస్తారు, ఆ మేరకు అందరి ప్రవేశ రుసుము తగ్గుతుంది. నీలం చిప్పులకు మాత్రం గెలిచినా ఓడినా అప్పుడే నగదు. ఏది సాధిస్తే కథ గెలిచినట్టో కూడా ఆ కాగితం మీద ఒక్క వాక్యంలో ఉండాలి: ‘యువరాణిని ప్రాణాలతో సరిహద్దు దాటించాలి’ అన్నంత సూటిగా. ఎవరికైనా సియాటిల్‌లో ఉద్యోగం వచ్చి మధ్యలో వెళ్ళిపోవాల్సి వస్తే తెల్లవీ నీలంవీ నగదు చేసి చేతిలో పెట్టండి, డబ్బాలోని అతని పది మిగిలినవాళ్ళ కథకు వదిలేయాలి. ఎవరైనా ‘ఇక డబ్బు వద్దు, నాకు హాయిగా లేదు’ అంటే కారణం అడక్కండి. ఆ రాత్రే చిప్పులకు నగదు ఇచ్చేసి, డబ్బాలోది సమానంగా పంచేసి, ఆపిన గుహలోంచే ఆట కొనసాగించండి.